రివాజా, వ్యూహమా: కొత్తవాడలో ఒక వాదం

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు అందుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ ఇవాళ హైదరాబాద్‌లో లేదు. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అంత తొందరగా గెలిచిన జట్టు అంత తొందరగా ఎలా చెదిరిపోయిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. వరంగల్ కొత్తవాడలో ఒక మేనమామ, మేనకోడలు సరిగ్గా దీని మీదే వాదించుకుంటుంటే కూర్చుని విన్నాను.

కొత్తవాడ అంటే జంపఖానాలు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మామది ఆ నేత కుటుంబమే. తాను మాత్రం సర్కారు బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యాడు, సాయంత్రాలు వాడలోని పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. కోడలు హైదరాబాద్‌లో ఆడిట్ పనిలో ఉంది. సంస్థలు ఎలా లేస్తాయో, ఎలా పడతాయో ఖాతా పుస్తకాల్లో చూసే మనిషి. జట్టుకు రివాజే ప్రాణమని మామ వాదం. ఆ రివాజును పుట్టించేదీ చంపేదీ పైవాళ్ళు తీసుకునే నిర్ణయాలేనని కోడలి వాదం. వాళ్ళ మాటల్ని వాళ్ళ యాసలోనే రాస్తున్నాను. నాకు అనిపించింది మధ్యమధ్య చెబుతాను.

మామ: జట్టంటె పదకొండు మంది కాదు బిడ్డా. ఎవ్వలు చెప్పకున్నా అందరు ఒక్క తీరుగ చేసే పని ఉంటది సూడు, అదీ జట్టు. హైదరాబాద్ ఎఫ్‌సీకి గా రివాజు లేదు. ఉంటె ఒక్క ఏడాదిల కూలుతదా?

కోడలు: ఉండె మామా. మంచిగనే ఉండె. 2019ల పూణె సిటీ జాగల వచ్చిన జట్టు అది. తొలి ఏడు పద్దెనిమిది మ్యాచ్‌లల్ల రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. కోచ్‌గ వచ్చిన ఆల్బర్ట్ రోకా 2020ల బార్సిలోనాకు పోయిండు. ఆయన జాగల మనోలో మార్కెస్ వచ్చిండు. పెద్ద పేర్ల వెంట పడకుండ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, యాసిర్ అసొంటి చిన్న పిలగాండ్లను నమ్మి వరసగ ఆడిచ్చిండు. ఆ ఏడు ఐదో స్థానం. మరుసటేడు కప్పు. ఆ మీది ఏడు లీగ్‌ల రెండో స్థానం. చిన్నోణ్ణి నమ్ముడు ఆ జట్టు రివాజే అయింది. అది కూలింది రివాజు లేక కాదు, జీతాలు ఇయ్యక.

మామ: జీతాలు ఆగినంక ఏమైంది? చెప్పు.

కోడలు: 2023-24 సీజన్‌ల జీతాల బకాయిలు పెరిగినయ్. కొత్తోళ్ళను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. మార్కెస్ అప్పటికే గోవాకు పోయిండు. జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాండ్లు, మనోళ్ళల్ల పేరున్నోళ్ళు ఒక్కొక్కలే వెళ్ళిపోయిన్రు. మిగిలిన పిలగాండ్లతోని కోచ్ థాంగ్‌బోయ్ సింగ్తో సీజన్ ఈడ్చిండు. ఇరవై రెండు మ్యాచ్‌లల్ల ఒక్కటే గెలుపు, చెన్నయిన్ మీద.

మామ: అగో, ఆ పిలగాండ్లే నాకు సాక్ష్యం. పైసలు రాకున్నా గ్రౌండ్‌ల దిగిన్రు. ఓడుకుంట కూడ ఆడిన్రు. దాన్ని ఏమంటవ్ మరి?

కోడలు: వాళ్ళ మంచితనం అంట. క్లబ్బుది కాదు. జీతం లేకుండ ఆడే పిలగాన్ని చూసి ఆహా ఏం రివాజని మురుసుడు నాకు నచ్చదు మామా. సంస్థ చేసిన తప్పును మనిషి మోస్తుంటె, దాన్ని సంస్థ గొప్పతనం ఖాతాల రాస్తమా?

ఈ మాటకు మామ దగ్గర జవాబు లేకపోయింది. నా దగ్గరా లేదు. ఎక్కడ జీతం ఆగుతుందో అక్కడే అంకితభావం గురించి ఉపన్యాసాలు ఎక్కువవుతాయి. ఆటలోనే కాదు, బళ్ళలో, ఆసుపత్రుల్లో, పత్రికల్లో కూడా చూశాం. నెల తిరిగేసరికి జీతం ఇవ్వడమన్నది ఏ క్లబ్బుకైనా మొదటి రివాజు. అది తప్పాక డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద ఏం రాసి ఉన్నా ఒకటే. అయితే మామ వదిలే మనిషి కాదు. ఇంకో దారి పట్టాడు.

మామ: సరే, పైసల ముచ్చట ఒప్పుకుంట. గని ఆ కప్పు ఎక్కడ గెల్చిన్రు? గోవాల. కరోనా అని రెండు సీజన్లు గోవాల్నే నడిపిన్రు. హైదరాబాద్ పేరున్న జట్టు దేశంల అందరికన్న మీద నిలిచిన ఏడు గచ్చిబౌలిల ఒక్క మ్యాచ్ లేదు. ఫైనల్‌ల స్టేడియం నిండ పసుపు బట్టల కేరళోళ్ళే. ఊరు చూడని గెలుపు అది. గెల్చినప్పుడు ఊరు పక్కకు లేకపోతె, పోయేనాడు ఊరు అడ్డం నిలబడదు.

కోడలు: డెక్కన్ లెజియన్ అని అభిమానుల సంఘం ఉన్నది కద. వాళ్ళు గొంతు పోయేదాక అరిచిన్రు.

మామ: అరిచిన్రు. వాళ్ళను నేను తక్కువ చేస్తలేను. గని ఊరంత కదలలె. కలకత్తాల చూడు. 2020ల మోహన్ బగాన్‌ను ఏటీకే తోని కలిపిన్రు. 1889ల పుట్టిన క్లబ్బు పేరు ముందట ఇంకో పేరు తగిలిస్తె జనం ఊకున్నరా? ఏటీకే తీసెయ్యాలె అని మూడేండ్లు పట్టువట్టిన్రు. 2023ల కప్పు గెల్చిన రాత్రే ఓనరు పేరు మారుస్తున్న అని చెప్పాల్సి వచ్చింది. అదీ రివాజు వ్యూహం మెడలు వంచుడంటె.

కోడలు: పేరు మారింది మామా. వాటాలు మారినయా? పైసలు పెట్టేటాయనే పెడుతున్నడు, జట్టును నడిపేటాయనే నడుపుతున్నడు. జనానికి పేరు దక్కింది, ఆయనకు జట్టు దక్కింది. ఎవ్వలు ఎవ్వల మెడ వంచిన్రో నువ్వే చెప్పు.

మామ: పేరు చిన్నదా?

కోడలు: చిన్నది కాదు. అంతనే అంటలేను. జనం గట్టిగున్న కాడ ఓనరు భయంతోని ఉంటడు, అది ఒప్పుకుంట. మన కాడ ఆ భయం లేదు.

ఇక్కడిదాకా వాదం ఇవాళ్టి క్లబ్బుల చుట్టూ తిరిగింది. అసలు ముడి రహీం సాబ్ పేరు వచ్చాక పడింది. హైదరాబాద్ పోలీస్ జట్టుకూ దేశం జట్టుకూ కోచ్‌గా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గురించి 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా తర్వాత చాలామందికి తెలిసింది. మామకు మాత్రం ఆయన సినిమా పాత్ర కాదు, తన వృత్తికి మూలపురుషుడు. రహీం సాబ్ కూడా బడి పంతులే, కాచిగూడ మిడిల్ స్కూల్లో చెప్పినవాడు. ఆయన మాట ఎత్తినప్పుడు మామ గొంతు మారింది.

మామ: హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాక వరసగ ఐదేండ్లు రోవర్స్ కప్పు కొట్టింది. బొంబాయికి పోయి, కూపరేజ్ మైదానంల, కలకత్తా పెద్ద జట్లున్న టోర్నీల. 1950ల డ్యూరాండ్, 1954ల డ్యూరాండ్, 1957ల మల్ల డ్యూరాండ్, రోవర్స్ రెండు. ఆ జట్టు ఎట్ల ఆడేదంటె బంతి కాలు కాడ నిలవనిచ్చేది కాదు. పొట్టి పాసులు. ఎవని కాడికి వచ్చిన బంతి వాడు ఇంకొకనికి ఇయ్యాలె. రహీం సాబ్ డ్రిబ్లింగ్ చెయ్యద్దనే షరతు మీద టోర్నీలు పెట్టిండు. ఎడమకాలు వాటంలేనోడు ఎడమకాలి తోనే ఆడాలనే పోటీలు పెట్టిండు. అసొంటి ఆటల పెరిగిన పోరడు రేపు ఏ జట్టుకు పోయినా బంతి దాచుకోడు. పక్కోణ్ణి చూసుడు వానికి అలవాటైతది. చెప్పాల్సిన పని లేదు. ఇది వ్యూహమా, రివాజా?

కోడలు: వ్యూహమే. ఒక మనిషి కూసోని ఆలోచించి, నియమం పెట్టి, టోర్నీ నడిపిండు. ఆయన వట్టి కోచ్ కూడ కాదు, 1943 నుంచి పానం పోయేదాక హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ. నియమం పెట్టే కుర్సీ ఆయన చేతిలనే ఉండె. ఆ కుర్సీ లేకపోతె ఆ టోర్నీలు ఎక్కడియి?

మామ: కుర్సీలు మస్తు మందికి ఉంటయి బిడ్డా.

కోడలు: ఉంటయి. అందుకే ఇంకో సంగతి అడుగుత. ఆ ఆటగాండ్లు పొద్దున గ్రౌండ్‌కు ఎట్ల రాగలిగిన్రు? పోలీసుల నౌకరి ఉండె కాబట్టి. నెల జీతం, ఇంటికి అన్నం. ఐదారేండ్లు అదే పదిహేను మంది కలిసి ఆడితేనే పొట్టి పాసు కుదురుతది. ఎవడు ఎటు ఉరుకుతడో చూడకుండనే తెల్వాలె. ఏడాదికోసారి జట్టు మారితె అది కుదరదు. అంటె ఆటగాళ్ళకు నౌకరి ఇయ్యాలె అని ఒక ఆఫీసరు చేసిన నిర్ణయం మీద నీ పొట్టి పాసు నిలబడి ఉన్నది.

మామ: నౌకరీలు ఇచ్చిన జట్లు దేశంల ఎన్ని లేవు? రైల్వే ఇచ్చింది, మిలిటరీ ఇచ్చింది, మిల్లులిచ్చినయి. అందరు ఐదేండ్లు వరసగ రోవర్స్ కొట్టలే కద. నౌకరి ఇస్తె మనిషి వస్తడు. వచ్చినోడు ఎట్ల ఆడాలె అన్నది నౌకరి చెప్పదు.

రెండు మాటలూ నిజమే. వాటి మధ్య నేను ఇంకో సంగతి చూస్తాను. పొట్టి పాసుల ఆట ఎన్నుకోవడం వల్ల జట్టుకు స్థిరత్వం అవసరమైంది. స్థిరత్వం ఉండడం వల్ల ఆ ఆట ఇంకా మెరుగైంది. మెరుగైన ఆట కప్పులు తెచ్చింది. కప్పులు వచ్చేసరికి పోలీసు శాఖకు ఇంకా ఆటగాళ్ళను తీసుకోవాలనిపించింది. ఇందులో ఎక్కడ మొదలైందని వేలు పెట్టి చూపించలేం. ఎక్కడ తెగుతుందో మాత్రం చూపించగలం. కోడలు అక్కడికే వచ్చింది, కానీ ముందు మామను ఒక పోటు పొడిచింది.

కోడలు: మామా, వట్టి కాళ్ళతోని ఆడుడు కూడ రివాజే కద?

మామ: ఎందుకు అడుగుతున్నవ్?

కోడలు: చెప్పు.

మామ: అవు. మనోళ్ళు వట్టికాళ్ళ తోనే ఆడెటోళ్ళు. గొప్పగ చెప్పుకునెటోళ్ళు.

కోడలు: 1952 హెల్సింకి ఒలింపిక్స్‌ల రహీం సాబే కోచ్. చలి దేశంల, మనోళ్ళల్ల మస్తు మంది వట్టికాళ్ళతోని దిగిన్రు. యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది, మనది ఒక్కటి. ఆ దెబ్బకు సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేండ్లకు 1956ల మెల్బోర్న్‌ల మనం ఆస్ట్రేలియాను 4-2తో ఓడగొట్టి సెమీస్‌కు పోయినం, నాలుగో స్థానం వచ్చింది. అంటె ఏంది? ముద్దు చేసుకున్న రివాజును పైనుంచి ఒక నియమం పెట్టి తీసేసిన్రు, ఆట బాగుపడింది. రివాజును ముట్టద్దు అనేటోడు ఉంటె ఇంకా వట్టికాళ్ళతోనే ఉందుము.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది నాకు బాగా నచ్చింది.

మామ: ముట్టద్దని నేనెన్నడు అనలె. ఎవ్వలు ముట్టాలె అన్నదే నా పంచాది. బూట్లు తొడుక్కోమన్నప్పుడు ఆటగాండ్లు ఎందుకు తొడుక్కున్నరు? వాళ్ళతోని హెల్సింకిల అవమానం పంచుకున్న మనిషే మల్ల వాళ్ళ ముందట నిలబడ్డడు కాబట్టి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ చూడు. జర్నయిల్ సింగ్ డిఫెండర్. తలకు దెబ్బ తాకి కుట్లు పడ్డయి. ఆయనను తీస్కపోయి సెమీస్‌ల, ఫైనల్‌ల ముందు వరసల ఆడిచ్చిండు రహీం సాబ్. దక్షిణ కొరియా మీద 2-1తోని బంగారం. గోల్స్ కొట్టింది ఎవ్వలు? పీకే బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి. కొత్తగ వచ్చిన కోచ్ ఎవడన్న అట్ల చెప్తె జట్టు నమ్మునా? ఏండ్ల నమ్మకం కింద ఉంటేనే అసొంటి ఎత్తు పారుతది. ఆయనకు అప్పటికే క్యాన్సర్. తెల్లారి ఏడు జూన్‌ల పోయిండు.

కోడలు: ఆయన పోయినంక?

మామ: ఆయన పోయిన 1963లనే, ఆంధ్రా పోలీస్ అని పేరు మారిన ఆ జట్టే రోవర్స్ గెల్చింది. మనిషి పోయినా రివాజు ఆడింది.

కోడలు: ఆ తర్వాత?

మామ: ...

కోడలు: నేను చెప్త. ఆ తర్వాత రోవర్స్ లేదు, డ్యూరాండ్ లేదు. ఎందుకంటె అప్పటికే మనోళ్ళు పోవుడు షురువైంది. అమ్ముగూడ బలరాం 1957ల ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. ఆఖరుకు బెంగాల్‌నే ఇల్లు చేసుకొని 2023ల అక్కడ్నే కన్నుమూసిండు. హబీబ్ 1966ల పోయిండు. నయీముద్దీన్ పోయిండు, హబీబ్ తమ్ముడు అక్బర్ పోయిండు, షబ్బీర్ అలీ పోయిండు, విక్టర్ అమల్‌రాజ్ పోయిండు. కలకత్తా పైసలిచ్చింది, లక్షమంది చూసే మైదానం ఇచ్చింది. మన కొత్తవాడ నేతగాండ్లు సూరత్, భీవండి, షోలాపూర్ పోయినట్టే. చెయ్యి ఇక్కడ తిరిగింది, కూలి అక్కడ దొరికింది. నేర్పుడు మీద ఉన్న సోయి నిలుపుకునుడు మీద ఎవ్వలకు లేకుండె. ఇది వ్యూహం లోపం మామా, రివాజు లోపం కాదు.

మామ: పోయినోళ్ళు వట్టి చేతులతోని పోలె. హబీబ్ కలకత్తాల ఎంతమందికి ఆట నేర్పిండు! 1977ల పెలే కాస్మోస్ జట్టు తోని వస్తె మోహన్ బగాన్ 2-2తోని ఆపింది. ఆ మ్యాచ్‌ల గోల్ కొట్టింది హబీబ్. పెలే ముందట బెదరని ఆ గుండె ఏడ పుట్టింది? హైదరాబాద్ గల్లీల.

కోడలు: పుట్టింది హైదరాబాద్‌ల, ఖాతాల పడ్డది కలకత్తాకు. రివాజు మనుషులల్ల ఉంటది, మనిషికి కాళ్ళుంటయి. క్లబ్బు అనేది మనిషి పోయినంక కూడ ఆ పద్ధతి నిలబడేటందుకు కట్టుకున్న ఇల్లు. అది కట్టలె మనోళ్ళు.

ఇక్కడ కోడలి వాదనకే బరువెక్కువ అని నాకు అనిపిస్తుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ పతనానికి కారణాలు అడిగితే రహీం సాబ్ లేకపోవడం అంటాం, క్రికెట్ మోజు అంటాం, మైదానాలు పోవడం అంటాం. అన్నీ ఉన్నాయి. కానీ నేర్పినచోటికి నేర్పినందుకు ఏదీ తిరిగి రాని ఏర్పాటు అన్నిటికంటే లోతైన దెబ్బ. పంట వేరేవాళ్ళ గిడ్డంగికి వెళ్ళినా ఇంకా దున్నుతూ ఉండమని ఎన్ని తరాలను అడగగలం?

మామ ఒప్పుకోలేదు. ఫోన్‌లో రాత్రిళ్ళు స్పెయిన్ మ్యాచ్‌లు చూసే మనిషి కాబట్టి బిల్బావో దగ్గరికి తీసుకెళ్ళాడు.

మామ: అథ్లెటిక్ బిల్బావో 1912 నుంచి బాస్క్ వాళ్ళనే ఆడిస్తున్నది. వందేండ్లు దాటింది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, ఈ బిల్బావో, మూడే జట్లు స్పెయిన్‌ల పై లీగ్ నుంచి ఎన్నడు కింద పడలె. 2024ల నలభై ఏండ్లకు కింగ్స్ కప్పు గెల్చింది. ఎవ్వల్నైనా కొనగల పైసలున్నయి, కొనరు. కొనాలె అన్న ఆలోచనే రాదు. వ్యూహం అనేది ఆలోచనల నుంచి పుడితె, ఏ ఆలోచన రావాలె ఏది రావద్దు అన్నది రివాజు చెప్తది. ఇది జెర పట్టుకో.

కోడలు: పట్టుకున్న. వాళ్ళ పక్కనే రియల్ సొసియెదాద్ ఉన్నది. వాళ్ళు కూడ బాస్క్ వాళ్ళనే ఆడిచ్చెటోళ్ళు. బిల్బావో అదే పిలగాండ్ల మీద పోటీకి వస్తుంటె 1989ల రివాజు పక్కకు పెట్టి లివర్‌పూల్ నుంచి జాన్ ఆల్డ్రిడ్జ్‌ను తెచ్చుకున్నరు. ఏం మునిగిపోయిన్రా? ఇయ్యాల్టికి వాళ్ళ సుబియెటా అకాడమీల స్థానిక పిలగాండ్లే పెరుగుతున్నరు. 2021 ఏప్రిల్‌ల కప్పు ఫైనల్ ఆ రెండు జట్లకే పడ్డది. సొసియెదాద్ 1-0తో గెలిచింది. గోల్ ఒయార్సబాల్ కొట్టిండు, వాళ్ళు పెంచిన పోరడే. అంటె పాత నియమం ఒకటి ఇడిసిపెట్టినా అసలుది ఇడిసిపెట్టలె.

మామ: అగో, నా నోటి మాట నువ్వే అన్నవ్! ఇడిసిపెట్టనిది ఏంది? అదే రివాజు. ఇంకోటి విను. ఆల్డ్రిడ్జ్‌ను తెచ్చిన్రు, నిజమే. ఆయన ఐర్లండ్ దేశానికి ఆడెటోడు. బాస్క్ కాని స్పెయిన్ ఆటగాన్ని తెచ్చుకోనీకి ఆ క్లబ్బుకు ఇంకో పదేండ్ల పైన పట్టింది. పైసల లెక్క చూస్తె పక్క ఊరోడే చౌక కద? ఐనా తెచ్చుకోలె. నియమం మార్చినప్పుడు కూడ ఎంత మార్చాలె, ఎటు మార్చాలె అన్నది పాత రివాజే చెప్పింది.

కోడలు మొదటిసారి తల ఊపింది. ఆ ఉదాహరణ నాకూ కొత్త వెలుగే. వ్యూహం రివాజును మారుస్తుంది, కానీ తనకిష్టమైనట్టు మార్చలేదు. మామ ఆ సందు దొరకబుచ్చుకున్నాక కూడా కోడలు ఆగలేదు.

కోడలు: బిల్బావో కూడ మారింది మామా. ఇనాకి విలియమ్స్ అమ్మానాన్న ఘనా నుంచి వచ్చినోళ్ళు. ఆయన బిల్బావోల పుట్టిండు, ఆ జట్టుకు పెద్ద పేరైండు. బాస్క్ అంటె రక్తం అనుకునే కాలం నుంచి, ఇక్కడ పెరిగినోడు అనేదాక వచ్చిన్రు. రాకపోతె పిలగాండ్లు సరిపోరు. కొరత వచ్చి రివాజు తలుపు తెరిచింది.

మామ: తెరిచినా ఇల్లు అదే.

హైదరాబాద్‌లోని ఇంకో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ మాట కూడా వచ్చింది. విద్యాసంస్థల వెన్నుదన్ను, సొంత మైదానం ఉన్న జట్టు. 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో రెండుసార్లూ రెండో స్థానం. సొంత మైదానం ఉండడం తక్కువేం కాదని కోడలు, మైదానం చుట్టూ మనుషులు పేరుకోవాలంటే కాలం పట్టాలని మామ. దాని మీద వాళ్ళకు పెద్ద తగాదా లేదు. తగాదా వచ్చింది వాడ పిల్లల దగ్గర. ఈ మధ్య కొందరు పెద్ద పిల్లలు క్లబ్బు రిజిస్టర్ చేద్దామని మామ దగ్గరికి వచ్చారట.

మామ: నాకైతె కాగితం ఎందుకో తెల్వదు. పోరలు వస్తున్నరు, ఆడుతున్నరు. ఆదివారం చిన్నోళ్ళకు రెండే టచ్‌ల మ్యాచ్ పెడుత. మూడో టచ్ కొడితె బంతి అవతలోళ్ళకు. రహీం సాబ్ దారే. ఇంతకన్న ఏం కావాలె?

కోడలు: రేపు వీళ్ళల్ల ఒకడు పెద్ద జట్టుకు పోతడు అనుకో. అక్కడ్నుంచి ఇంకో దేశం క్లబ్బు కొనుక్కుంటె, ఆ సొమ్ముల ఐదు శాతం వాణ్ణి పన్నెండో ఏటి నుంచి ఇరవై మూడో ఏటి దాక నేర్పిన క్లబ్బులన్నిటికి పంచాలె అని ఫిఫా నియమం ఉన్నది. గని పంచేది రిజిస్టరైన క్లబ్బుకే. వాడు ఏ ఏడు ఎక్కడ ఆడిండో కాగితం మీద ఉండాలె. బలరాం పోయినప్పుడు, హబీబ్ పోయినప్పుడు అసొంటిది లేదు. ఇప్పుడున్నది.

మామ: ఐదు శాతం కోసం నేర్పిస్తమా బిడ్డా మనం?

కోడలు: ఐదు శాతం కోసం కాదు. వచ్చినా రాకున్నా, నేర్పినోళ్ళు ఉన్నరు అని ఒక కాడ రాసి ఉండాలె. ఆ రాసుడే రేపు ఇంకొకలు నేర్పేటందుకు కారణమైతది. సరే ఇది చెప్పు. నీకు పానం బాగలేకపోతె ఆదివారం మ్యాచ్ ఎవ్వలు పెడుతరు?

మామ: పెద్ద పోరలు పెడుతరు.

కోడలు: పెట్టిన్రా ఎన్నడన్న?

మామ: ...పెట్టలె. ఎవని పని వానిది. ఒకడు డెలివరీకి పోతడు, ఒకడు కోచింగ్‌కు.

కోడలు: అయితె ఇద్దరి పేర్లు రాయి. నెలకు ఎంతిస్తవో కూడ రాయి.

మామ: పైసలా? నేను ఎన్నడన్న తీసుకున్ననా?

కోడలు: నువ్వు తీసుకోలె కాబట్టే నీ తర్వాత ఎవ్వలు వస్తలేరు మామా. నీకు పింఛన్ ఉన్నది. వాళ్ళకు లేదు. పింఛన్ ఉన్నోడే చెయ్యగల పనిని రివాజు అంటె అది ఎన్ని తరాలు నడుస్తది?

మామకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే, ఇన్నేళ్ళ సాయంత్రాలు ఎవరికోసం ఇచ్చాడో నాకు తెలుసు. కానీ కోడలు చెప్పింది ఆ సాయంత్రాలను కాపాడే మాటే. కాసేపటికి ఆయనే మళ్ళీ ఎత్తుకున్నాడు.

మామ: ఇద్దాం. గని షరతు నాది. గెలిస్తె ఇచ్చే పైసలు కావద్దు. చిన్నోళ్ళకు నేర్పనీకి గ్రౌండ్‌కు వచ్చినందుకు ఇచ్చే పైసలు కావాలె. గెలుపుకు పైసలు కడితె నెల తిరగకముందే పెద్ద పోరలు చిన్నోళ్ళను పక్కకు పెట్టి వాళ్ళే ఆడుతరు.

కోడలు: ఒప్పుకుంట. గని ఓడుకుంట పోతె చందా ఎవ్వలిస్తరు? దుకాణపోళ్ళు, సొసైటీ పెద్దమనుషులు కప్పు చూపియ్యమంటరు.

మామ: కప్పు కాదు, పోరలను చూపిద్దాం. ఆదివారం రమ్మను, వచ్చి మ్యాచ్ చూడుమను.

కోడలు: మ్యాచ్ చూసి పైసలిచ్చెటోళ్ళు ఎంతమంది ఉన్నరు ఈ వాడల? పేర్లు చెప్పు, రాస్త.

మామ వేళ్ళ మీద లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగో పేరు దగ్గర కోడలు అడ్డం తగిలింది, ఆయన గెలిచే జట్టుకు తప్ప ఇవ్వడని. మామ కాదన్నాడు. ఆ ఒక్క మనిషి మీద మళ్ళీ మొదలైంది వాదం.